పదమూడో గుంజ

గుంజల మధ్యనుంచి కుక్కని మెలికలు తిప్పించడం ఎలా నేర్పాలన్న విషయంలో మా ఇంట్లో రెండు పక్షాలున్నాయి. మేడమీద నేను, కింద మా తోడికోడలు. మా ఆయనా, మా మరిదీ ఏ పక్షమూ కాదు. అన్నం రెండుచోట్లా పుట్టాలి గనక అన్నదమ్ములిద్దరూ మా ఇద్దరి మాటకీ తలూపేస్తారు.

ఈ ఆట తెలియనివాళ్ళకి ముందే చెప్పేస్తాను. మైదానంలో కుక్క దూకవలసిన అడ్డుకర్రలుంటాయి, దూరవలసిన గొట్టం ఉంటుంది, ఎక్కి దిగవలసిన బల్ల ఉంటుంది. అవన్నీ ఏ కుక్కయినా ఇట్టే నేర్చుకుంటుంది. ప్రాణం తీసేవి గుంజలే. ఒకే వరసలో పన్నెండు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండడుగులు. మొదటి గుంజ తన ఎడమ భుజం పక్కనుంచి పోయేలా కుక్క లోపలికి దూరాలి. అక్కణ్ణుంచి ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒక్కటీ వదలకుండా కొసదాకా పోవాలి. ఏ కుక్కకీ పుట్టుకతో ఆ బుద్ధి ఉండదు. తిన్నని దారి ఉండగా మెలికలు తిరిగే జాతి మనుషులదే.

నాది సందు పద్ధతి. గుంజల్ని ఒకటి అటు, ఒకటి ఇటు రెండు వరసలుగా నిలబెట్టి మధ్యలో సందు వదులుతాను. కుక్క ఆ సందులో తిన్నగా పరిగెడుతుంది, పక్కనే నేనూ పరిగెడతాను, కొసన దాని బంతి ఉంటుంది. కొన్నాళ్ళకోసారి సందు సన్నం చేస్తాను. రెండు వరసలూ కలిసి ఒకటయ్యే రోజుకి, తనకి తెలియకుండానే కుక్క నడుము తిప్పడం నేర్చుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆ మైదానంలో ఎన్ని కుక్కలకి నేర్పానో లెక్కలేదు. అన్నీ ఉరుకులు పరుగులతో పోతాయి.

మా తోడికోడలిది రెండేసి పద్ధతి. మొదట రెండంటే రెండే గుంజలు. మనిషి కదలదు, పెదవి విప్పదు. కుక్క దానంతట అది రెండిటి మధ్యనుంచి సరైన వైపు దూరిందా, బంతి విసురుతుంది. లేదా, ఊరుకుంటుంది. ఈ మూలనుంచి వదులుతుంది, ఆ మూలనుంచి వదులుతుంది. ఎటునుంచి వదిలినా కుక్కే దారి వెతుక్కోవాలి. అది కుదిరాకే ఇంకో రెండు. చూస్తున్నవాళ్ళకి ఆవులింతలొస్తాయి.

ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇది బాగుందా ఇదివరకటిది బాగుందా అని అడుగుతూ ఒక్కో అద్దమే మారుస్తుంది. అందుకని కళ్ళద్దాలమ్మ అని పేరు పెట్టాను. ఈ ఇంటికి కోడలై వచ్చి పందొమ్మిదేళ్ళయింది, మరో పేరుతో పిలిచి ఎరగను. ఆవిడ మాత్రం నన్ను అక్కా అనే పిలుస్తుంది. నేను స్కూలు బస్సు డ్రైవర్ని. వెనక నలభైమంది పిడుగుల్ని వేసుకుని ఇరవైరెండేళ్ళు బండి నడిపాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అది లేకపోతే ఆ బండి గేటు కూడా దాటదు.

మా ఆయన ప్లంబరు. ఆయన సామాను షెడ్డులో ఒక పెద్ద గొట్టంలో ఓ వీధికుక్క పిల్లల్ని పెట్టింది. అందరికీ ఇవ్వగా మిగిలిన రెండిట్నీ మేం పంచుకున్నాం. నాది కాలు నేలమీద నిలవనిది, బొంగరం అన్నాను. ఆవిడది గుండ్రంగా, నెమ్మదిగా ఉండేది, బఠాణి అంది. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఈడు. ఇంక పందెం కాయవలసిన పనే లేదు, ఎవరి పద్ధతి గొప్పో అవే తేలుస్తాయి.

పెరట్లో నా గుంజలు ఊగుతున్నాయని ఒకసారి విసుక్కున్నాను. మా ఆయన మాటల మనిషి కాదు, చేతల మనిషి. ఆదివారం పొద్దున్నే సిమెంటు కలిపాడు. వెడల్పు సందుకి, మధ్యరకం సందుకి, సన్న సందుకి, ఆఖరి ఒంటి వరసకి, అన్నిటికీ నేలలో గొట్టం ముక్కలు పాతి చుట్టూ సిమెంటు పోసేశాడు. తాడు కట్టి వరస చూశాడు, మట్టం చూశాడు. గుంజని అందులోకి దించితే బస్సు గుద్దినా కదలదు. ఇంత గట్టి పని ఎవరింట్లో ఉందో చూపించండని మైదానం వాళ్ళందర్నీ పిలిచి చూపించాను. కళ్ళద్దాలమ్మ కూడా వచ్చి చూసింది. కదపడానికి వీలు లేదు కదా అంది. అదే కదమ్మా గొప్ప, అన్నాను.

ఏడు వారాలకి బొంగరం పన్నెండు గుంజల్నీ మూడు సెకన్లలో ఊడ్చేస్తోంది. మైదానంలో కూడా అంతే, పక్కన నేను పరిగెడితే చాలు. కింద బఠాణి ఇంకా నాలుగో గుంజ దగ్గరే ఉంది. నాలుగు గుంజలతో పాక కూడా నిలవదే, ఎప్పుడు కడతావు ఇల్లు అని మెట్లమీదనుంచి అడిగేదాన్ని. నిదానమే ప్రధానం అక్కా అనేది. ఆలస్యం అమృతం విషం అనేదాన్ని నేను. సామెతలకేం, ఇద్దరికీ సరిపడా ఉన్నాయి.

ఏటేటా జరిగే పెద్ద పోటీకి పది వారాలుందనగా నా మోకాలు పోయింది. బస్సు దిగుతూ ఆఖరి మెట్టు మీద మెలిక పడింది. ఇరవైరెండేళ్ళు క్లచ్చి తొక్కిన ఎడమ మోకాలు అది, ఇంతకాలం ఆగడమే గొప్ప అన్నాడు డాక్టరు. కర్ర పట్టుకుని నడవచ్చట. పరిగెత్తడం మాత్రం ఏడాదిదాకా తలపెట్టద్దట, ఆ తర్వాత కూడా చెప్పలేడట.

మైదానం నడిపే పొడుగు మాస్టారు మంచి మనిషి. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయారు. ఆయన మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని చెప్పారు. బొంగరం లాంటి కుక్కని ఇంట్లో కట్టేయడం అన్యాయమని, ఆ ఒక్కరోజుకీ మీ తోడికోడలి చేతికిస్తే బఠాణితోబాటు దాన్నీ ఆడిస్తుందని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకు ముందు నాకు రెండు కుక్కలుండేవి. ఒకటి బద్ధకం, ఇంకోటి పిరికి. వాటితో నేను పోటీల్లో చిన్న తరగతి దాటలేదు. ఊళ్ళోవాళ్ళ కుక్కలకల్లా నేర్పి పెద్ద తరగతికి పంపింది నేను, మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చప్పట్లు కొట్టిందీ నేనే. యాభైఎనిమిదేళ్ళకి చేతికొచ్చింది ఒక కుక్క. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు నా కాలు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. నా కుక్కని నేనే ఆడిస్తాను, కుంటుకుంటూ అయినా సరే అన్నాను. పక్కన పరిగెత్తకుండా ఎలాగమ్మా అన్నారు మాస్టారు. నా కుక్కకి గుంజలు వచ్చండీ, నేనెందుకు పక్కన అన్నాను.

మర్నాడు మైదానంలో కర్రమీద ఆనుకుని నిలబడి "దూరు" అన్నాను. బొంగరం పరిగెత్తుకుంటూ పోయి, మొదటి గుంజ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నా మోకాలి వంక చూసింది. మళ్ళీ పంపాను. రెండో గుంజ దగ్గర దూరి, నాలుగో దగ్గర బయటికొచ్చి, నా దగ్గరికొచ్చి కూర్చుంది. అందరూ మర్యాదకి తలలు తిప్పుకున్నారు. కళ్ళద్దాలమ్మ ఒక్కతే తిప్పుకోలేదు.

జనాన్ని చూసి బెదిరింది, ఇంటికొచ్చి చూడండి అని మాస్టారినీ, ఆవిడనీ మా పెరట్లోకి లాక్కొచ్చాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. ఇంట్లో బొంగరం నిజంగానే గెలిచింది. నేను మెట్టుమీద కూర్చుని దూరు అనగానే పన్నెండు గుంజలూ గాలిలా దాటేసింది. చూశారా అన్నాను. మాస్టారు భేష్ అన్నారు. అప్పుడు కళ్ళద్దాలమ్మ వంగి నేలంతా పరీక్షగా చూసి, మెల్లిగా అడిగింది.

"అక్కా, ఒక్కసారి గుంజలు తీసేస్తే?"

"తీస్తే ఏముంటుంది, మట్టి."

"అందుకే అక్కా."

మా ఆయన పన్నెండు గుంజల్నీ ఊడదీసి గోడకి చేరేశాడు. ఖాళీ పెరడు. దూరు అన్నాను. బొంగరం చెవులు వెనక్కి పెట్టి పరిగెత్తింది. లేని మొదటి గుంజని ఎడమ భుజానికి వదిలి, లేని రెండోదాన్ని చుట్టి, లేని మూడోదాన్ని తప్పించుకుని, పన్నెండు మెలికలూ తిరిగి అవతల నిలబడి బంతికోసం తోకాడించింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేలమీద గుంజల మధ్య పాములాగా ఒక చాలు పడి ఉంది, వేలెడు లోతు. ఏడు వారాలు ఒకేచోట పరిగెడితే పడదా మరి. నా కుక్క నేర్చుకున్నది గుంజల్ని కాదు. ఇంట్లో ఆ చాలుని నేర్చుకుంది, బయట నా మోకాలిని నేర్చుకుంది. గుంజలంటే ఏమిటో దానికి అప్పటిదాకా తెలియదు. మా ఆయన తను పోసిన సిమెంటు వంక చూస్తూ గడ్డం గోక్కున్నాడు. ఆయన తప్పేముంది, కదలకూడదని అడిగింది నేను.

రెండు రోజులు కిందికి దిగలేదు. మోకాలు నొప్పి అని చెప్పాను, నొప్పి అక్కడ కాదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పదకొండేళ్ళు వాదించినదాన్ని. నాలుగో కాలు కళ్ళెదుట కనబడితే ఏం చేస్తాను. పొద్దున కిటికీలోంచి చూస్తే కింద బఠాణి ఎనిమిది గుంజలు చేస్తోంది. నెమ్మదే, కానీ కళ్ళద్దాలమ్మ ఎటో చూస్తూ తువ్వాలు ఆరేసుకుంటోంది. కుక్క తన పని తను చేసుకుపోతోంది. అసూయ అనండి, ఏదైనా అనండి, నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మూడోరోజు కర్ర పట్టుకుని పద్నాలుగు మెట్లూ దిగాను. ఆవిడ గుమ్మంలోకొచ్చి చెయ్యి అందించబోయి, నా మొహం చూసి వెనక్కి తీసుకుంది. ఎనిమిది వారాలుంది, నాకు నేర్పుతావా అన్నాను. ఆ మాట అనడానికి మెట్లకంటే ఎక్కువసేపు పట్టింది.

"నేర్పుతా అక్కా. కుర్చీలో కూర్చోవాలి. మాట్లాడకూడదు."

"ఎంతసేపు?"

"బొంగరానికి తెలిసేదాకా."

మా ఆయన ఈసారి సిమెంటు జోలికి పోలేదు. చిన్న ఇనపపట్టీకి రెండు మేకులు బిగించి, వాటిమీదికి బోలు గుంజలు దిగేలా చేసి ఇచ్చాడు. చేత్తో ఎత్తి ఎక్కడ కావాలంటే అక్కడ పడేసుకోవచ్చు. కళ్ళద్దాలమ్మ రోజుకో మూల పెట్టేది, ఒకరోజు ఇసకలో, ఒకరోజు గడ్డిలో, ఒకరోజు వాళ్ళ వసారాలో. నేను ప్లాస్టిక్ కుర్చీలో చేతిలో బంతితో, నోటికి తాళంతో. మొదటిరోజు బొంగరం నా చుట్టూ తిరిగింది, కుర్చీ చుట్టూ తిరిగింది, గుంజల వంక చూడనైనా లేదు. ఇటు రావే, అటు పోవే అని నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళద్దాలమ్మ వేలు పెదవులమీద పెట్టింది. బడిపిల్లలు కూడా నన్ను ఊరుకోమని చెప్పి బతికి బట్టకట్టలేదు. అయినా ఊరుకున్నాను.

రెండోరోజు అది గుంజల్ని వదిలేసి నా చేతికర్రని చుట్టి వచ్చి, బంతి ఇమ్మన్నట్టు కూర్చుంది. కర్ర నేలలో నిటారుగా గుచ్చి ఉంది మరి. కళ్ళద్దాలమ్మ ఫక్కున నవ్వింది, నేనూ నవ్వాను. పదమూడో గుంజ అక్కా అది, పాపం దాని తప్పేం లేదు అంది.

నాలుగోరోజు జరిగింది. బొంగరం నన్ను చూసింది. నేను కదల్లేదు. కర్రని చూసింది. బంతి రాలేదు. అప్పుడు మొదటిసారిగా తల తిప్పి గుంజల వంక చూసింది. కొత్తగా చూసినట్టు చూసింది. నెమ్మదిగా వెళ్ళి, వెనకనుంచి చుట్టి, ఎడమ భుజం మొదటి గుంజకి ఆనించి లోపలికి దూరింది. విసురు అక్కా అని కళ్ళద్దాలమ్మ గుసగుసలాడింది. బంతి విసిరాను గానీ ఎటు పోయిందో నాకు కనబడలేదు. నా కుక్క ఆలోచించుకుంది. నేను చెప్పకుండా, నన్ను అడక్కుండా, దానికదే ఆలోచించుకుంది. నా పిల్లలు పరీక్షలు పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు, వాళ్ళు వింటే విననీ.

అక్కణ్ణుంచి పని చకచకా నడిచింది. నడుము తిప్పడం దానికి ముందే వచ్చు, అది సందు చలవ. దారి వెతుక్కోవడమే రావలసింది. రెండు గుంజలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. ఐదో వారానికి పన్నెండూ పెట్టి, ఏ మూలనుంచి వదిలినా దూరుతోంది. ఈలోగా బఠాణి సంగతి నేను చూశాను. అది ప్రతి గుంజ దగ్గరా అప్పగింతలు పెట్టుకుంటున్నట్టు పోయేది, ఒక్క తప్పు చెయ్యదు, ఒక్క అడుగు తొందరపడదు. నాలుగు రోజులు సందులో వదిలి చూడు, పరుగంటే ఏమిటో దానికీ తెలియనీ అన్నాను. కళ్ళద్దాలమ్మ ఆలోచించి, మైదానంలో సందు పెట్టించింది. బఠాణి మొదటిసారి చెవులు ఎగరేసుకుంటూ పరిగెత్తడం చూసి ఆవిడే చప్పట్లు కొట్టింది.

పోటీ నాడు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. మైదానం మెత్తగా ఉంది. ఆ ఏడు గుంజల్ని కావాలనే కష్టమైన మూలలో పెట్టారు. కుక్క గొట్టంలోంచి బయటికి రాగానే వరస అడ్డంగా కనబడుతుంది. సరైన వైపు దూరాలంటే పక్కకి పోయి చుట్టి రావాలి. పక్కన పరిగెడుతున్నవాళ్ళే కుక్కలకి అడ్డమొస్తున్నారు. నాకు ముందు పోయిన పదహారింటిలో తొమ్మిది అక్కడే తప్పాయి. బఠాణి తప్పలేదు. కళ్ళద్దాలమ్మ దూరంగా నిలబడి ఒక్కమాట అంది, అది చుట్టి వచ్చి దూరి, చెవులెగరేస్తూ పోయింది. తాడు దగ్గర నేను కర్రతో నేలని కొట్టాను, చప్పట్లకి చెయ్యి ఖాళీ లేదు గనక.

నా వంతు వచ్చింది. కుంటుకుంటూ మైదానం మధ్యకి వచ్చిన ముసలమ్మని జనం జాలిగా చూశారు. చూడనీ. బొంగరం అడ్డుకర్రలు దూకింది, బల్ల ఎక్కి దిగింది, గొట్టంలో దూరింది. అది లోపల ఉండగా నేను ఒక అడుగు ముందుకి వేశాను. కర్ర బురదలో జానెడు దిగిపోయింది. లాగబోయాను. కర్ర రాలేదు, నేనే వెనక్కి చతికిలబడ్డాను. నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

బొంగరం గొట్టంలోంచి బయటికొచ్చింది. నేను నిలబడి లేను, దూరు అనలేదు, మోకాలు కనబడటం లేదు. అది ఆగి నా వైపు చూసింది. వస్తుందనుకున్నాను, నా దగ్గరికే వస్తుంది, వచ్చి మొహం నాకుతుంది, పదకొండేళ్ళూ బురదలో కలుస్తాయి అనుకున్నాను. రావద్దే అని అరవాలనిపించింది. పెదవులు బిగబట్టుకున్నాను.

అది తల తిప్పుకుంది. గుంజల్ని చూసింది. పక్కకి పోయి, చుట్టి వచ్చి, ఎడమ భుజం మొదటి గుంజకి ఆనించి దూరింది. తర్వాత నేను లెక్కపెట్టాను, పైకే లెక్కపెట్టాను, బురదలో కూర్చుని ఒకటి రెండు మూడు అని పన్నెండుదాకా. ఒక్కటీ వదల్లేదు. అవతలి ఆఖరి అడ్డుకర్ర దూకి గీత దాటింది. గంట మోగింది. అప్పుడు గిర్రున వెనక్కి తిరిగి వచ్చి, బురదలో నిటారుగా నిలిచి ఉన్న నా చేతికర్ర చుట్టూ తిరిగి, నా ముందు కూర్చుని బంతి ఇమ్మంది.

జనం విరగబడి నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తున్నాను, సిగ్గులేకుండా, బంతి కోసం జేబులు వెతుక్కుంటూ. ఒక్క తప్పు లేదు. పెద్ద తరగతిలో, నా కుక్క, నా చేతిమీదుగా. చేతిమీదుగా కూడా కాదు, దాని బుర్రతో అది. నేను నేర్పిన కుక్కల్లో పక్కన మనిషి లేకపోయినా పనిచేసే కుక్క ఇదొక్కటే.

తర్వాత లెక్కలు తేలితే బఠాణికి రెండో స్థానం వచ్చింది, బొంగరానికి నాలుగోది. అప్పుడు మాత్రం పొడుగు మాస్టారు గబగబా వచ్చి చెయ్యిచ్చి లేపి, బురదలోంచి కర్ర పీకి ఇచ్చారు. అంతటి మనిషి కూడా ముక్కు చీదుకుంటున్నారు. చుట్టూ పదిమంది కొత్తవాళ్ళు మూగారు. మీరు పడిపోయినా అది ఆగలేదే, ఎవరు నేర్పారమ్మా, ఏ పద్ధతి అని అడిగారు. పదకొండేళ్ళుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకటే జవాబుండేది. తాడు దగ్గర బఠాణిని ఎత్తుకుని నిలబడి ఉన్న ఆవిడ వైపు కర్ర చాపాను.

"మా చెల్లెలు నేర్పింది. అదుగో, మా చెల్లెలు."

మాస్టారికి ఒక్కక్షణం ఎవరో అర్థం కాలేదు. ఆవిడకి మాత్రం అంత దూరంనుంచీ వినబడింది. బఠాణిని కింద దింపి, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. దగ్గరికొచ్చాక వాళ్ళు ఆవిడనీ అదే అడిగారు. మాదేముందండీ, ఆ పరుగంతా మా అక్కదే అంది.